ఇరవై ఎనిమిది అంగుళాల వంటగట్టు

ఫిబ్రవరి 3

చిన్నోడా,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న నా కుట్టుకొట్టు నుంచి నీకు ఫోను చేస్తే మూడుసార్లు ఎవరని అడిగి, నాలుగోసారి "కలప ఇంకా రాలేదండీ" అని పెట్టేశావు. ఇరవై ఏళ్లు కోతమిషను పక్కన నిలబడ్డ చెవులు మరి. పక్కనుంచి విన్న మా పెద్దది పడీపడీ నవ్వింది. అందుకే మళ్లీ పెన్ను పట్టాను. కాగితం మీద రాస్తే అయినా నా మాట నీకు పూర్తిగా అందుతుంది.

సంగతి ఏమిటంటే, మేం మీ ఊరు వచ్చేద్దామనుకుంటున్నాం. మీ బావ లారీ ఎక్కితే పన్నెండు రోజులకు గాని దిగడని నీకు తెలుసు. లారీ ఏ ఊళ్లో ఎక్కినా లారీయే కదా అని ఆయనా ఒప్పుకున్నాడు. నువ్వు మాకో ఇల్లు చూడాలి. పెద్దదేమీ అక్కర్లేదు. రెండు గదులు, వంటిల్లు ఉంటే చాలు. మీ ఇంటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. పిల్లలు బడికి వెళ్లే దారిలో పెద్ద రోడ్డు దాటే పని ఉండకూడదు. చూసిన ప్రతి ఇంటికీ నీ లావు పెన్సిలుతో ప్లాను గీసి పంపు.

నా ఒంటి సంగతి అడుగుతావు. ఆపరేషను కుట్లు మానాయి. పోయిన వారం డాక్టరు కాగితాలన్నీ చూసి, మళ్లీ కొయ్యడం ఉండదు, ఇక మందులతోనే వెళదాం అన్నాడు. ఆ మందులకు దగ్గు వస్తోంది. దుమ్ము పడడం లేదు. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

జూన్‌లో బడి తెరిచే లోపు పిల్లలు ఆ ఇంట్లో ఉండాలి. నిన్ను నేను ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు. అడిగితే ఇదొక్కటే అనుకో. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నీ మరదలి చేత ఒకసారి చదివించాను. మళ్లీ కొయ్యక్కర్లేదన్న ముక్క దగ్గర ఆవిడ చదవడం ఆపేసి కళ్లు తుడుచుకుంది. కోత నా వృత్తే అయినా, నీ ఒంటి మీద కోత అన్నప్పుడు ఆ రోజంతా రంపం ముట్టలేదు. మందులతో పోయే జబ్బంటే ఇక జబ్బే కాదు. ఆ డాక్టరు చల్లగా ఉండాలి.

ఇళ్ల వేట మొదలుపెట్టాను. ఇక్కడొక బ్రోకరు ఉన్నాడు, ఊళ్లో అందరూ ఆయన్ని 'రెండు నిమిషాలు' అంటారు. బడి ఎంత దూరమంటే రెండు నిమిషాలు, బస్సు రెండు నిమిషాలు, ఆస్పత్రి రెండు నిమిషాలు. ఆయన రెండు నిమిషాల వెంట పడి నడిచేసరికి నా చెప్పు తెగింది.

మొదటి ఇల్లు మేడ మీద. పదిహేడు మెట్లు, ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. ఏ మేస్త్రీ కట్టాడో గాని వాడికి టేపు లేదు. నువ్వు ఎక్కేసరికి ఆయాసపడతావని వద్దన్నాను. రెండోదానికి పడకగదిలో కిటికీ లేదు. గోడ మీద చెయ్యి పెడితే తడి. ఇంటాయన దాన్ని చల్లదనం అన్నాడు. మూడోది బాగుంది, వెలుతురుంది, కానీ గోడకు మేకు కొట్టకూడదట. ఆ మాట నాతో అన్నాడు, వడ్రంగితో. నేను అక్కడే నవ్వేశాను, ఆయనకు కోపం వచ్చింది.

నువ్వు తొందరపడకు. నీకు పొద్దుటి ఎండ తగిలే గది, దుమ్మూ గోలా లేని వీధి దొరికే దాకా నేను ఆగను. కాళ్లు అరిగినా సరే. ముందు నువ్వు కోలుకోవాలి, ఇల్లు దానికోసమే కదా. మూడు ప్లాన్లూ జత చేశాను. మీద టీ మరక నీ మరదలి పని.

నీ తమ్ముడు

*

మార్చి 2

చిన్నోడా,

ప్లాన్లు చేరాయి. పెద్దదీ, బుడ్డదీ వాటిని నేల మీద పరుచుకుని గంటసేపు సంసారం చేశారు. బుడ్డది చల్లదనం ఉన్న ఇల్లే కావాలని ఏడ్చింది. ఐదేళ్ల పిల్లకు తడి గోడంటే బొమ్మలు గీసుకునే పలక.

కానీ నువ్వు ప్రతి ఇల్లూ నా కోసమే చూస్తున్నావు. నా ఆయాసం, నా ఎండ, నా కిటికీ. నా గది సంగతి వదిలెయ్. పిల్లల కోసం చూడు. మీ గుమ్మం నుంచి ఆ ఇంటి గుమ్మానికి ఎన్ని అడుగులో లెక్కపెట్టి రాయి. పిల్లలు పిలిస్తే మరదలికి వినపడేటంత దూరమేనా? నీకెలాగూ వినపడదు. బడి దారి నువ్వొక్కడివీ సైకిలు మీద చూసి రాయకు. బడి వదిలే వేళకు వెళ్లి, ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నడిచినట్టు నడిచి చూడు.

ఇంకొకటి. ఏ ఇల్లు కుదిరినా వంటగట్టు నువ్వే చెయ్యాలి. ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు. కుట్టుటేపుతో స్వయంగా కొలిచి రాస్తున్నాను. పొయ్యి గోడ వైపుకి రావాలి, అంచుకి కాదు. పప్పుల డబ్బాల అరలు గట్టుకి కిందే పెట్టు, పైన వద్దు.

కొట్టు మూసేశాను. మిషను నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చాను. చివరి రోజు ఆ అమ్మాయి నా మెడలో టేపు తీసుకోబోతే, అది మాత్రం ఇవ్వనన్నాను. పెద్దది ఇప్పుడు పొయ్యి వెలిగించడం, అన్నం వార్చడం నేర్చుకుంది. కూరలో ఉప్పు మాత్రం రెండుసార్లు వేస్తుంది. బావ నిన్ననే బయల్దేరాడు. ఈసారి పదిహేను రోజులట.

దగ్గర ఇల్లు చూడు చిన్నోడా. మిగతావన్నీ లేకపోయినా పరవాలేదు.

అక్క

*

మార్చి 15

అక్కా,

ఇల్లు దొరికింది. ముందు ఆ మాట చెప్పి తర్వాత కథ చెబుతాను.

మా ఎడమవైపు గోడ పంచుకునే ఇల్లు నీకు తెలుసు కదా, రిటైరైన కంపౌండరు ఉండేవాడు. ఆయన కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఇంటావిడ మొట్టమొదట నన్నే పిలిచి, మీ అక్క కోసం చూస్తున్నావట, తీసుకుంటావా అంది. మా గుమ్మం నుంచి ఆ గుమ్మానికి సరిగ్గా పదకొండు అడుగులు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. దగ్గర, దగ్గర అని నువ్వు రాసిందంతా గుర్తుంది. అయినా మనసు రాయి చేసుకుని వద్దని చెప్పాను. మా ముందుగదుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రంపం ఆడుతూనే ఉంటుంది. పొట్టు గాల్లో తేలి ఆ ఇంటి కిటికీల్లో పడుతుంది. నీ దగ్గుకి అది విషం. నా పక్కన పెట్టుకోవాలన్న సరదా కోసం నీ ప్రాణం మీదికి తెస్తానా?

దాని బదులు చెరువు వైపు పార్కు దగ్గర ఒక ఇల్లు మాట్లాడేశాను. బస్సులో ఇరవై నిమిషాలు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం అని నీ మరదలు చెప్పింది, నాకెలాగూ అంతా నిశ్శబ్దమే. పొద్దుటి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. ఆర్నెల్లు అక్కడ పడుకుంటే నువ్వు మళ్లీ మిషను తొక్కుతావు.

నీ వంటగట్టు కూడా చేసేశాను, అందులో నీ పరువు కాపాడాను. ఇరవై ఎనిమిది అని రాశావు. ఇన్నేళ్లు దర్జీ పని చేసిన మనిషివి, టేపు తిరగేసి పట్టుకున్నావా? ఆ ఎత్తులో నువ్వు వండితే నడుం విరిగిపోతుంది. నీ మోచెయ్యి ఎక్కడికి వస్తుందో నాకు తెలియదా? చిన్నప్పుడు నా తల సరిగ్గా అక్కడికే వచ్చేది. ముప్పై ఆరు పెట్టాను. టేకు కాళ్లు, పైన నల్ల రాయి. నువ్వు దాని ముందు నిటారుగా నిలబడి వండాలి. ఆ ముచ్చట నేను చూడాలి.

నీ తమ్ముడు

*

మార్చి 23

చిన్నోడా,

నా కొలత తప్పు కాదు. అది పెద్దదాని కొలత. వచ్చే నెల దానికి పదకొండు నిండుతాయి. గోడకు ఆనించి నిలబెట్టి, మోచెయ్యి మడిపించి, నేల నుంచి కొలిచి, నాలుగంగుళాలు తీసేసి రాశాను.

నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. డాక్టరు మందులతో వెళదాం అన్నది నయమవుతుందని కాదు. కొయ్యడానికి ఇక వీలు లేదని. లోపల అంతా పాకిందట. ఎన్నాళ్లు అని అడిగితే, వర్షాలు మొదలయ్యే దాకా అన్నాడు, అది కూడా నా మొహం చూడకుండా. బావకు తెలుసు. పిల్లలకు తెలియదు, తెలియనివ్వకు. నీకు రాయబోయిన ప్రతిసారీ, కుట్లు మానాయి అన్న చోట పెన్ను ఆగిపోయేది. నువ్వు సంతోషపడి జవాబు రాశావు. ఆ సంతోషం చెరపడానికి నాకు చేతులు రాలేదు. తప్పు నాది.

నేను వెతుకుతున్నది నేనుండే ఇల్లు కాదురా. నేను లేనప్పుడు నా పిల్లలు ఉండే ఇల్లు. వాళ్ల నాన్న పదిహేను రోజులు రోడ్ల మీద ఉంటే, కూర మాడినా, జ్వరం వచ్చినా, భయమేసినా, పదకొండు అడుగులు వేస్తే మీరుండాలి. దానికోసమే ఊరు మారదామన్నాను. నువ్వు వద్దన్న ఆ ఇల్లే నాకు కావలసింది.

అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్లు, నాకు పదకొండు. మన వంటగట్టు నా గడ్డం దాకా ఉండేది. బకెట్టు బోర్లించి, దాని మీద ఎక్కి వండేదాన్ని. ఒకరోజు బకెట్టు జారింది. నా మణికట్టు మీద మచ్చ ఇస్త్రీపెట్టె వల్ల వచ్చిందని నీకు చెప్పాను. అది గంజి. ఆ రోజు నువ్వు ఆకలని ఏడుస్తున్నావు, అందుకని కట్టు కట్టుకోకుండానే నీకు అన్నం పెట్టాను. నా కూతురు బకెట్టు ఎక్కకూడదు. అంతే నేను కోరుకున్నది.

వెళ్లి ఆ ఇంటావిడ కాళ్లు పట్టుకో. ఈ ఉత్తరం చదివిన వెంటనే వెళ్లు. ప్లానులో నాకు మంచం వేయకు. ఇక్కడి ఆస్పత్రి వదిలి నేను రాలేను. అంతా అయ్యాక బావ పిల్లల్ని తీసుకొస్తాడు.

నీ మీద కోపం లేదు. రాసేటప్పుడు ఉంది, ఇప్పుడు లేదు.

అక్క

*

ఏప్రిల్ 6

అక్కా,

పది రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

నీది అందిన రోజే వెళ్లాను. ఇల్లు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేసింది. కొత్తగా పెళ్లయిన జంట, అతను బస్సు కండక్టరు, ఆ అమ్మాయికి ఏడో నెల. సామాను దింపుకుంటున్నారు. పార్కు ఇల్లు మీరు తీసుకోండి, ఇది నాకివ్వండి అని బతిమాలాను. పిల్లలకు తెలియనివ్వొద్దన్నావు కాబట్టి కారణం చెప్పలేదు, పిచ్చివాడినని అనుకున్నారు. మర్నాడు మళ్లీ వెళ్లి కారణం చెప్పేశాను, నన్ను క్షమించు. ఆ అమ్మాయి నాకన్నా ముందే ఏడ్చింది. కానీ వాళ్లమ్మ ఉండేది వెనక వీధిలోనేనట. పురుడు దగ్గర పడుతోంది, నాకూ మా అమ్మ దగ్గరుండాలండీ అంది. నేను లేచి వచ్చేశాను.

పదకొండు అడుగుల దూరంలో ఉన్న ఇంటిని నా నోటితోనే పోగొట్టాను అక్కా. నువ్వు మళ్లీ మళ్లీ దగ్గర అని రాస్తే, నీకన్నా నాకే బాగా తెలుసనుకున్నాను. చెవులు పోయాయని అందరూ నవ్వుతారు, కాగితం మీద రాసిన మాట కూడా వినపడని వాడినని నాకిప్పుడు తెలిసింది.

మూడు రోజులు పని చెయ్యలేదు. నాలుగో రోజు నీ మరదలు రంపం పక్కకు వచ్చి నిలబడి, దీన్ని బయటికి పంపితే ఈ ముందుగదులు రెండూ ఖాళీయే కదా అంది. నాకు బుర్ర తిరిగింది. ఊరంతా తిరిగాను గాని, నా ఇల్లు నేను చూసుకోలేదు. కలప డిపో వెనక ఒక రేకుల షెడ్డు ఉంది, మిషన్లన్నీ అక్కడికి తోలేశాను. మన ఇంటి ముందుభాగమే పిల్లల ఇల్లు. పదకొండు అడుగులు కూడా అక్కర్లేదు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపుకు గొళ్లెం పెట్టలేదు.

వంటగట్టు పార్కు ఇంటి నుంచి తెచ్చి కాళ్లు ఎనిమిది అంగుళాలు కోశాను. ఒక కాలు తప్పు కోశాను, మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. నాకు ఇదివరకు అలా జరగలేదు.

ప్లాను పంపుతున్నాను. బావ మంచం, పెద్దదాని మంచం, బుడ్డదాని మంచం గీశాను. నువ్వు చెప్పినట్టే చేశాను. గీసేటప్పుడు పెన్సిలు రెండుసార్లు విరిగింది.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 24

చిన్నోడా,

చెయ్యి వణుకుతోందని పెద్దదాని చేత రాయిస్తున్నాను, అక్షరాలు చూసి కంగారు పడకు. దీని దస్తూరీ నాకన్నా బాగుంది.

ప్లాను చూశాను. చాలా బాగుంది. నీ మొదటి మూడు ప్లాన్లూ కలిపినా దీనికి సరిరావు. మధ్యలో తలుపు పెట్టమన్నది మరదలే అయి ఉంటుంది, నీకంత తెలివి లేదు. ఆవిడకు నా తరఫున చెప్పు. ఏం చెప్పాలో ఆవిడకే తెలుస్తుంది.

బుడ్డదాని మంచం కిటికీకి దూరంగా జరుపు, అది నిద్రలో దొర్లుతుంది. పెద్దదాని చదువు బల్ల మీద వెలుగు ఎడమవైపు నుంచి పడాలి. బావ మంచం పొడవు చాలదు, ఆయన కాళ్లు బయటికి వస్తాయి. లారీలో ముడుచుకుని పడుకునే మనిషి ఇంట్లోనైనా చాపుకోవాలి కదా.

ఇల్లు పోగొట్టావని బాధపడకు. నువ్వు నాకు మంచి ఇల్లే చూశావు. నా మంచి కోరి వద్దన్నావు, కాబట్టి అదీ మంచే. ఇక ఆపుతాను, దీనికి లెక్కలు చేసుకోవాలట.

అక్క

మావయ్యా, ఇక్కణ్నుంచి నేను రాస్తున్నాను. అమ్మ పడుకుంది. ప్లానులో నాన్న మంచం ఉంది, నాదీ చెల్లిదీ ఉన్నాయి. అమ్మ మంచం లేదు. అమ్మను అడిగితే మావయ్య మర్చిపోయి ఉంటాడు అంది. నువ్వు కొలతలు మర్చిపోవు. గట్టు నా ఎత్తుకు చేశావని కూడా నాకు తెలుసు, కొలిచినప్పుడు అమ్మ నన్నే కొలిచింది. ఏ గదిలో అమ్మ ఉంటుందో రాయి. అమ్మకు రాయకపోయినా నాకు రాయి.

*

మే 4

బంగారూ,

నువ్వు అడిగింది చదివాను. నువ్వు పెద్దదానివి, నీకు అబద్ధం చెప్పను. నేను మర్చిపోలేదు. అమ్మ తన మంచం గీయొద్దంది, నేను గీయలేదు. అమ్మ మాట విననప్పుడు ఒక తప్పు చేశాను. ఈసారి విని ఇంకో తప్పు చేశాను.

అమ్మకు ఒంట్లో చాలా బాగాలేదు. నీకు ఆ సంగతి తెలుసని నీ ఉత్తరం చూశాక నాకు అర్థమైంది. ఒక్కదానివీ లోపల దాచుకోకు. ఇక్కడి నుంచి అమ్మ పక్కన కూర్చుని పైకి చదువు.

అక్కా, దీనికి తెలుసు. నువ్వు దాచాననుకున్నావు, అది నీకు తెలియకుండా దాచింది. అచ్చం నువ్వే. నీ మంచం చేశాను. ఆరడుగుల మూడు అంగుళాలు, తల వైపు ఏటవాలు పెట్టాను, ఆనుకుని కూర్చోవచ్చు. వంటింటికీ వీధి కిటికీకీ మధ్య వేశాను. అక్కణ్నుంచి నీకు గట్టు కనిపిస్తుంది, అది ఉప్పు రెండోసారి వేయబోతే కేక వెయ్యొచ్చు. నీ మరదలు గదుల్ని మూడుసార్లు కడిగింది, మోకాళ్ల మీద కూర్చుని మూలలు తుడిచింది. ఎక్కడా పొట్టు లేదు. ఇక్కడి ఆస్పత్రి డాక్టరమ్మతో మాట్లాడాను, కాగితాలు తెస్తే తాను చూస్తానంది. ఈసారి నేనేమీ సొంతంగా అనుకోలేదు, అన్నీ అడిగి కాగితం మీద రాయించుకున్నాను.

జూన్ దాకా వద్దు. నువ్వు లేకుండా పిల్లల్ని ఆ ఇంట్లో దింపితే అది ఇల్లు కాదు, సామాను పెట్టే గది. నువ్వు ఒక్కరోజు అందులో ఉండు. పది రోజులుంటే పది రోజులు. శుక్రవారం బయల్దేరి శనివారం పొద్దున్నకు వ్యానుతో వస్తున్నాను. వెనక పరుపు వేయిస్తున్నాను. కాదనకు. నన్ను పెంచినదానివి, ఒక్కసారి నన్ను నిన్ను మోయనీ.

నీ తమ్ముడు

*

మే 8, శుక్రవారం

మావయ్యా,

ఇది పోస్టులో వేయను. రేపు నువ్వు వ్యాను దిగగానే నీ చేతికిస్తాను. నిన్న రాత్రంతా మీ ఫోను కలవలేదు, ఇవాళ నాన్న అత్తయ్యకు కబురు చెప్పేసరికి నువ్వు బయల్దేరిపోయావట. ఎదురొచ్చి చెప్పొచ్చు, కానీ నీకు వినపడాలంటే గట్టిగా అరవాలి. ఈ మాట నేను అరవలేను.

అమ్మ నిన్న మధ్యాహ్నం పోయింది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఉన్నాను. నొప్పి లేదని ఇంటికొచ్చి మందిచ్చే నర్సు చెప్పింది.

నీ ఉత్తరం బుధవారమే వచ్చింది. నువ్వు చదవమన్న చోటు నుంచి పైకి చదివాను. నాకు తెలుసన్న దగ్గర అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది, చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత మంచం గురించి మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. శనివారం వెళదామా అని అడిగితే వెళదాం అంది. నాన్న అప్పటికప్పుడు ఆస్పత్రి కాగితాలన్నీ ఒక కవరులో పెట్టాడు. నిజంగానే వద్దామనుకుంది మావయ్యా. నువ్వు ఆలస్యం చేశావని అనుకోకు. ఆ రోజంతా అమ్మ ఇల్లు గురించే మాట్లాడింది. కిటికీకి తెర ఏ రంగుది ఉండాలో కూడా చెప్పింది. లేత పసుపు.

నువ్వు వచ్చేదాకా ఆగుదామని నాన్న ఐసుపెట్టె తెప్పించి అందరికీ చెప్పాడు. చెల్లికి అమ్మ నిద్రపోతోందని ఎవరో చెప్పారు. నేను అది కాదని చెప్పాను, కానీ దానికి అర్థం కాలేదు. రేపు వ్యాను వస్తుందని మాత్రం దానికి గుర్తుంది. పొద్దున్నే తన బట్టలు సంచీలో పెట్టుకుంది. తర్వాత అమ్మ చీరలు మూడు, దువ్వెన, కళ్లజోడు, టేపు ఇంకో సంచీలో పెట్టి, జిప్పు రాకపోతే నన్ను వేయమంది. వేశాను. రెండు సంచీలూ గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చుంది.

ఆ రెండో సంచీ వ్యానులో ఎక్కించాలా వద్దా? నాన్నను అడగలేకపోయాను. నువ్వు చెప్పు.